లఘువు - గురువు

ఛందస్సు చెప్పుకుని బతికేవాడికి తుపాకులతో పనేమిటని మా కాలేజీలో అడగనివారు లేరు. నా వెనకాల "తుపాకి రాముడు" అన్న బిరుదు కూడా ప్రచారంలోకి వచ్చినట్టు విన్నాను. ఏం చేస్తాం? మేనకోడలు అడిగితే మేనమామకు తప్పుతుందా!

మా అక్కయ్యగారి కాపురం అశోక్‌నగర్‌లో. అక్కడ ఏ మెట్లెక్కినా ఒక కోచింగు సెంటరో, ఒక హాస్టలో తగులుతుంది. సర్కారీ ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు చదివే పిల్లలతో వీధులు కిటకిటలాడుతూ వుంటాయి. ఆ వీధుల్లో పుట్టి పెరిగిన మా మేనకోడలు మాత్రం డిగ్రీ పూర్తికాగానే గచ్చిబౌలి వైపు బస్సెక్కడం మొదలుపెట్టింది. అక్కడి షూటింగ్ రేంజిలో ట్రాప్ అనే ఆట నేర్చుకుంటున్నది. కాల్చేవారికి 15 మీటర్ల ముందు ఒక కందకం, అందులో యంత్రాలు. కేక వేయగానే పిడికెడంత పళ్లెం ఒకటి, 110 మిల్లీమీటర్ల వెడల్పుది, 105 గ్రాముల బరువుది, ఎటు ఎగురుతుందో తెలియకుండా ఎగురుతుంది. దాన్ని గాలిలో పగలగొట్టాలి. ఇంగ్లీషువాడు దానికి మట్టి పావురమని పేరు పెట్టాడు. ఒకప్పుడు నిజంగానే బతికున్న పావురాలను వదిలి కాల్చేవారు. 1900 పారిస్ ఒలింపిక్సులోనూ ఆ ఘోరం జరిగింది. ఇప్పటి పళ్లెం తారు, సున్నపురాయి పొడి కలిపి అచ్చుపోసినది. అందులో మట్టీ లేదు, పావురమూ లేదు. పేరు మాత్రం పోలేదు.

ఆ పిల్లకు సొంత తుపాకి కావాలి. పేచీ అక్కడే వచ్చింది.

అక్కయ్య మామగారు నారాయణగూడలో వుంటారు. ఎనభై రెండేళ్ల మనిషి. వారి తండ్రిగారి నాటి దోనాలి బందూకు ఒకటి వారి దగ్గర వుంది. రెండు గొట్టాలూ పక్కపక్కన వుండే ఇంగ్లీషు తుపాకి, 12 బోరుది. ఈ 12 అన్న లెక్క నాకు ముచ్చటగా తోచింది: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం అన్నమాట. ఇరవై గుండ్లు పోస్తే 20 బోరు. అంటే అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నమవుతుంది. మన జీతాలకూ ఖర్చులకూ వున్న సంబంధం వంటిదే.

మామగారి తుపాకి తూకం రెండుముప్పావు కిలోలు. చేతిలోకి తీసుకుంటే పువ్వులా వుంటుంది. వారు యౌవనంలో మెదక్ జిల్లా చేలగట్ల వెంట కౌజు పిట్టల కోసం పొద్దంతా దాన్ని మోసి తిరిగినవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటకు పగ్గం వేసింది. 1991 సవరణతో మిగిలిన సందూ మూసుకుపోయింది. పంటలు పాడుచేసే అడవిపందిని అనుమతి మీద కాల్చడం వేరు సంగతి. అప్పటినుంచి ఆ తుపాకి బీరువాలోంచి బయటికి వచ్చేది రెండే సందర్భాల్లో: దసరా పూజకు, ఎన్నికల ముందు పోలీసు స్టేషనులో అప్పగించడానికి.

"బిడ్డకు నా బందూకు ఇస్తున్న. ఇంత తేలికైనది లక్షలు పోసినా దొరకదు," అన్నారు వారు. నిజమే, దొరకదు. 1980 దశకం మధ్యనుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనుషులకు మూతపడింది. పేరు తెచ్చుకున్న క్రీడాకారులకు మాత్రం దారి వుంది. మా బావగారికి ఈ దానంతో ప్రాణం లేచి వచ్చింది. కొత్త ఇటలీ తుపాకి ధర విన్న రోజున ఆయన అన్నం సరిగా తినలేదు.

పిల్ల మాత్రం మాట్లాడలేదు. మర్నాడు మా ఇంటికి వచ్చి, "మామయ్యా, తాత మనసు నొప్పించకుండా ఎట్లా చెప్పాలి?" అన్నది. తుపాకిని చూచిన కోచ్ రెండు మాటలు చెప్పాడట. మొదటిది, గొట్టాల అడుగున 2½ అని చెక్కి వుంది. అంటే తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలది, సుమారు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు రేంజిలో వాడే తూటాలు 70 మిల్లీమీటర్లవి. మోసమేమిటంటే, అవి అందులో చక్కగా పడతాయి! తూటా మూతి ముడిచి వుంటుంది గనుక పొట్టిగా వుంటుంది. పేలినప్పుడు ఆ ముడి విచ్చుకుని గది దాటి గొట్టంలోకి చొచ్చుకువస్తుంది. దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పాత గొట్టం తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు. పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పాత తుపాకి ఎవరి ఇంట్లో వున్నా ఆ అంకె చూడకుండా తూటా పెట్టవద్దు సుమండీ.

రెండవది బరువు. మా పాఠంలో లఘువు సుఖం, గురువు భారం. తుపాకుల శాస్త్రంలో వరస తిరగబడింది. తుపాకి ముందుకు తోసిన బలమే వెనక్కి మన భుజాన్ని తోస్తుంది. అదే తూటాకు మూడు కిలోల ఆరువందల గ్రాముల తుపాకి ఎంత గట్టిగా తన్నుతుందో, రెండు కిలోల ఎనిమిదివందల గ్రాములది అంతకన్నా పావు వంతుకు పైగా ఎక్కువ శక్తితో తన్నుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. తూటాలోని రవ్వల బరువుకు 96 రెట్లు తుపాకి వుండాలని పాతకాలపు ఇంగ్లీషు పనివారి లెక్క. ఒలింపిక్ ఆటలో 24 గ్రాముల రవ్వలకు మించరాదు. ఆ లెక్కన 2300 గ్రాముల తుపాకి చాలాలి. కాని ఆ లెక్క వేటగాడిది. వాడు రోజంతా నడిచి పదిసార్లు కాలుస్తాడు. ట్రాప్ పోటీలో పళ్లేలే 125. ఒక్కోదానికి రెండేసి తూటాల దాకా కాల్చవచ్చు. సాయంత్రానికి పిల్ల భుజం కమిలి, రెప్ప ముందే మూతపడడం మొదలవుతుంది. ఒక్క పళ్లెమే కదా అనుకోవడానికి లేదు. 2024 పారిస్ ఒలింపిక్సులో మన మహేశ్వరీ చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా జంటకు స్కీట్‌లో కంచు పతకం ఆ ఒక్కదానితోనే పోయింది, 43కు 44 తేడాతో.

ఇదంతా పెద్దాయనకు నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. చెక్కతో చెప్పిద్దామని నారాయణగూడలో తెలిసిన వడ్రంగి దగ్గరికి వెళ్లాను. రెండు చెక్క తుపాకులు చేయించాను. లోపల ఇనప ముక్కలు దిగేసి ఒకటి రెండుముప్పావు కిలోలు, ఒకటి మూడున్నర. చిక్కడపల్లి కూరల మార్కెట్లో వంకాయలు తూచే కాటా మీద పెట్టి సరిచూశాం. పాత దుప్పటి చుట్టి మోసుకొస్తూ వుంటే, త్యాగరాయ గానసభ దగ్గర ఒక పెద్దమనిషి "ఇవాళ ఎవరి కచేరీ?" అని అడిగాడు. తంబురా అనుకున్నాడు కాబోలు!

ఆ సాయంత్రం మామగారింట్లో, గోడా పైకప్పూ కలిసే గీత వెంట తుపాకి మూతిని ఎడమనుంచి కుడికి నడపమన్నాను పిల్లను. తేలికది చటుక్కున బయలుదేరింది; అంతే చటుక్కున మధ్యలో ఆగి వణికింది. బరువుది కదలడానికి కాస్త బద్ధకించింది గాని, కదిలిన తరువాత గీత వదలకుండా చివరి దాకా సాగింది. మామగారు లేచి తానే రెండూ ఎత్తి చూశారు. తరువాత కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, తెరిచి చూడమన్నారు పిల్లను. కన్ను గొట్టానికి నేరుగా లేదు, పక్కకు పోయింది. "బరువు సంగతి తరువాత. కర్ర నీకు పొడుగున్నది. చెంప ఆనేకాడ ఆనుతలేదు," అన్నారు.

నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో అసలు మాట అదే. కొనేవారు తూకం అడుగుతారు, పేరు అడుగుతారు, చెక్కడపు పని చూచి మురుస్తారు. కుట్టించిన చొక్కాలా తనకు అమిరిందా అన్నది ఆఖరున గుర్తొస్తుంది. ఈ తుపాకికి వెనక గురి చూసే ముల్లు లేదు. కాల్చేవారి కన్నే ఆ ముల్లు. కర్ర అరంగుళం తేడా వస్తే, ఎంత ఖరీదు తుపాకీ ఏమీ చేయలేదు. ఆడపిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ, దుకాణంలోని కర్రలు మగవారి చేతి కొలతకు చేసినవి గనుక. ఒలింపిక్సులో వారికి ట్రాప్ పెట్టిందే 2000లో, సిడ్నీలో.

పెద్దాయన కొంతసేపు వూరుకుని, "నడిచేటోనికి నా బందూకు. నిలబడి నూర్లకొద్ది కాల్చేటోళ్లకు అది కాదు," అన్నారు. గొంతులో నొప్పి లేదని చెప్పను. పిల్ల ఆయన పక్కన కూర్చున్నది గాని, ఓదార్పు మాటలు అనలేదు. మంచిపని చేసింది.

ఒక సీనియర్ క్రీడాకారుడు వాడి అమ్మజూపిన తుపాకి కుదిరింది. గొట్టాలు ఒకదాని మీద ఒకటి వుండే రకం, మూడున్నర కిలోలు. గొట్టాలు పల్చన, బరువంతా రెండు చేతుల మధ్య. తేలిక అన్నది కావాలంటే అక్కడ, మూతి దగ్గర వుండాలి. లైసెన్సున్న పనివాడి చేత కర్ర అరంగుళం కోయించారు. దోనాలి లైసెన్సు తన పేరికి మార్చమని మా బావగారు పోలీసు కమిషనరుగారికి దరఖాస్తు పెట్టుకున్నారు. డెబ్బై దాటిన వారు బతికుండగానే వారసుడికి ఇవ్వవచ్చునని 2016 నియమాల్లో వుంది.

కొత్త తుపాకితో మొదటి రోజు 25లో 16 పగిలాయి. నారాయణగూడకు వెళ్లి చెప్పింది.

"తక్కిన తొమ్మిది ఎటు పోయినయి?" అన్నారు మామగారు.

"కుడివైపు, తాతా."

ఆయన మూలనున్న బరువు చెక్క తుపాకి అందుకుని దాని చేతికిచ్చి, "అట్ల గోడదిక్కు తిరుగు," అన్నారు.