పదో తరగతి ఇంగ్లీషు, ఇంటి తెలుగు

తమిళనాడులో పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో, డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసిన దగ్గర నుంచి ఒక రకమైన నిశ్శబ్దం మొదలవుతుంది. టీవీ గొంతు తగ్గుతుంది. చుట్టాలు రావడానికి జంకుతారు. లెక్కలకూ సైన్సుకూ ట్యూషన్లు కుదురుతాయి. ఇంగ్లీషును మాత్రం "దానికేముంది, బట్టీ పడితే సరి" అని పిల్లల నెత్తిన వదిలేస్తారు. పెరంబూరులో మా వీధిలో అలా వదిలేసిన ముగ్గురు పిల్లలు సాయంకాలాలు మా ఇంటికి వచ్చి ఇంగ్లీషు చదువుకునేవారు. ముగ్గురివీ తెలుగు ఇళ్ళే. అమ్మాయి ఒకతె ఎనిమిదో తరగతి దాకా బళ్ళో తెలుగు చదివింది. మగపిల్లలిద్దరికీ తెలుగు మాట్లాడడం వచ్చు, అక్షరం రాదు.

ఒకప్పుడు ఈ పరీక్షకు ఇంగ్లీషులో రెండు పేపర్లుండేవి. 2019-20 విద్యా సంవత్సరం నుంచి ఒకటే పేపరు, నూరు మార్కులు. మొదట 14 ఒంటి మార్కు ప్రశ్నలు: సమానార్థకాలు మూడు, వ్యతిరేకార్థకాలు మూడు, ఆపైన బహువచనం, ప్రిపొజిషను, టెన్సు వగైరా. తరువాత కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చడం, ఒకరన్న మాటను మరొకరు చెప్పినట్లు తిప్పి రాయడం, తప్పులు పట్టడం, ఉత్తరం. వీధి పటమిచ్చి దారి చెప్పమనే ప్రశ్న కూడా ఒకటుంది. చూడడానికి ఇదంతా చిల్లర వ్యవహారంలాగే ఉంటుంది. కాని పిల్లవాడికి ఏ భాషలో ఆలోచన సాగుతున్నదో ఈ చిల్లర దగ్గరే బయటపడుతుంది.

మాటల సంగతి ముందు చెబుతాను. వాళ్ళ నోటుబుక్కుల్లో పేజీని రెండు గడులు చేసి, ఒక గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో దాని సమానార్థకం ఇంగ్లీషులోనే రాసుకున్నారు. అబ్బాయిల్లో పెద్దవాడు గైడు చూసి, పక్కన తమిళ అర్థం కూడా ఎక్కించాడు. ఆ అర్థం గ్రాంథిక తమిళం. వాడు వీధిలో మాట్లాడే తమిళానికి దానికీ చాలా దూరం. తెలియని మాటకు తెలియని మాటను జోడించి, రెండింటినీ మరో తెలియని మాటతో కట్టేసినట్లయింది.

2019లో వచ్చిన పదో తరగతి పుస్తకంలో మొదటి పాఠం 'హిజ్ ఫస్ట్ ఫ్లైట్'. రాసినవాడు ఐర్లండు రచయిత లియామ్ ఓ ఫ్లాహర్టీ. ఆయన ఇంగ్లీషులోనే కాక, తమ ద్వీపాలవారి ఐరిష్ భాషలోనూ కథలు రాశాడు. ఎగరడానికి భయపడి కొండ అంచున కూర్చున్న సముద్రపు పక్షి పిల్ల కథ అది. తల్లి చేపముక్కతో ఊరించి దాన్ని గాలిలోకి దింపుతుంది. అందులో 'డివోర్' అనే మాట ఉంది. పిల్లవాడు దానికి 'ఈట్' అని రాసుకున్నాడు. "ఎలా తినడంరా?" అంటే మాట్లాడలేదు. "మీ తమ్ముడు క్రికెట్ ఆడి వచ్చి ఎలా తింటాడు?" అన్నాను. "ఆవురావురుమని" అన్నాడు. డివోర్ అంటే అదే. ఇక ఆ మాటను వాడు మరిచిపోలేదు. 'వెట్' అన్నది ముక్కును రాతి మీద నూరి పదును పెట్టుకోవడం. సాన పట్టడం అంటే ముగ్గురికీ వెంటనే తెలిసింది. ఆ 'సాన' తమిళంలోనూ 'సాణై' అయి, కత్తులకు పదును పెట్టేవాడి కేకలో మా వీధిలోకి వస్తూంటుంది. అంతవరకు గైడులో కూర్చున్న మాటకు ఊరూ పేరూ దొరికాయి.

వ్యాకరణం దగ్గర ఇంకా చిత్రం. "నాకు తెలుసు", "నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు", "నాకు జ్వరం వచ్చింది" అంటాం మనం. ఈ మూడింటిలోనూ తెలియడం, ఉండడం, రావడం నాకు జరిగే సంగతులే గాని నేను చేసే పనులు కావు. ఇంగ్లీషు మొదటి రెండు చోట్లా నన్ను కర్తను చేసి నిలబెడుతుంది. మనకు 'హావ్' వంటి క్రియే లేదు. ఈ తేడా చెప్పకుండా తప్పు దిద్దితే, పిల్లవాడికి ఎర్రసిరా గీత కనిపిస్తుంది గాని కారణం కనిపించదు. తమిళంలోనూ పద్ధతి ఇదే కనుక, బళ్ళో తమిళంలో చెప్పినా ఈ ముడి విడిపోతుంది. విప్పాలన్న తలంపు ఉండాలి, అంతే.

ఒకరన్న మాటను తిప్పి రాయడం పిల్లలందరికీ గండమే. 'ఐ' అన్నది 'హి' ఎందుకు కావాలి, 'విల్' 'వుడ్' ఎందుకు కావాలి అని విసుక్కుంటారు. "వాడు రానన్నాడు" అనే వాక్యాన్ని వాళ్ళ ముందు పెట్టాను. అందులో "రాను" అనే మాట చెక్కు చెదరకుండా ఉంది. అన్నవాడు ఏ మాట అన్నాడో ఆ మాటనే 'నేను' రూపంలో మన వాక్యం కడుపులో పెట్టుకుని మోస్తుంది. ఇంగ్లీషు అలా మొయ్యదు. చెప్పేవాడు తాను నిలబడిన చోటి నుంచి మనిషినీ కాలాన్నీ మార్చి చెబుతాడు. ఇది తెలిశాక పట్టికను బట్టీ పట్టే పని సగానికి సగం తగ్గింది.

ఇక పార్టిసిపుల్సు. తెలుగు నడిచేదే వాటి మీద. "లేచి, ముఖం కడుక్కుని, కాఫీ తాగి, బస్సెక్కి వెళ్ళాడు" అంటే సమాపక క్రియ ఒక్కటే. ముందున్నవన్నీ క్త్వార్థకాలు. ఇక్కడ తెలుగు చదివిన అమ్మాయి నన్ను నిలవేసింది. "తాతగారూ, మా టీచరు దీన్ని సంశ్లిష్ట వాక్యం అన్నారు. ఇంగ్లీషు పుస్తకంలో ఇలాంటి దాన్నే సింపుల్ సెంటెన్సు అంటున్నారేం?" అంది. నిజమే. మన బడి వ్యాకరణం అసమాపక క్రియను కూడా ఒక వాక్యం కింద లెక్కగట్టి, రెండూ కలిస్తే సంశ్లిష్టం అంటుంది. ఇంగ్లీషు వ్యాకరణం కాలాన్నీ పురుషనూ చూపే పూర్తి క్రియ ఎన్ని ఉన్నాయో చూస్తుంది. 'హావింగ్' చేర్చి చెప్పింది ఎంత పొడుగున్నా దానికి పదబంధమే. రెండు వ్యాకరణాలూ తెలిసిన పిల్లకే ఈ సందేహం వచ్చింది. సందేహం తీరాక ముగ్గురిలోకీ ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రాసింది ఆమే.

ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య ఈ బేరం మద్రాసుకు కొత్తది కాదు. 1812లో ఇక్కడ కంపెనీవారు ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. అప్పుడు పరీక్షకు కూర్చున్నవాళ్ళు ఇంగ్లీషు కుర్రాళ్ళు. వాళ్ళు నేర్వవలసినవి తెలుగు, తమిళం వంటి మన భాషలు. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1817లో వచ్చిన బ్రౌను ఇక్కడే తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్ళాడు. నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డుకు ఆ పేరు ఆ కాలేజీ వల్ల వచ్చినదే. పదో తరగతి పరీక్షలు నడిపే ప్రభుత్వ కార్యాలయం ఉన్నది కూడా ఆ రోడ్డులోనే. క్త్వార్థకం వంటి మాటలతో తెలుగు వ్యాకరణాన్ని మనకు కట్టుదిట్టంగా అందించిన పరవస్తు చిన్నయసూరి మద్రాసులో తెలుగు పండితుడు. ఆయన బాలవ్యాకరణం 1858 నాటిది.

ఆడపిల్లలకు ఈ పరీక్షల దారి వేసినదీ ఈ ఊరే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్నతనంలో ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి బడి మానేసిన మనిషి. తరువాత పట్టుదలతో బెనారస్ మెట్రిక్యులేషను ప్యాసయి, పై చదువులు చదివి, 1942లో లా పట్టా పుచ్చుకున్నారు. మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, తెలుగు అమ్మాయిలను ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేశారు. ఇంగ్లీషు మీద కోపం ఆమెను చదువు నుంచి దూరం చెయ్యలేదు. చదువు మీద ఇష్టం తెలుగు నుంచి దూరం చెయ్యలేదు.

మా పిల్లల పుస్తకంలోనే ఆరో పాఠం 'ది లాస్ట్ లెసన్'. ఫ్రెంచి రచయిత ఆల్ఫోన్స్ దోదే కథ, 1873 నాటి పుస్తకంలోది. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడి, ఆల్సేస్ ప్రాంతం జర్మనీ పాలయింది. ఇకమీదట బళ్ళలో జర్మనే చెప్పాలని బెర్లిను నుంచి హుకుం వస్తుంది. ఫ్రాంజ్ అనే కుర్రాడు ఆ ఉదయం ఆలస్యంగా బడికి వెళుతూ భయపడుతూంటాడు. ఆ రోజు మాస్టారు అడగబోయేది పార్టిసిపుల్సు, వీడికి ఒక్క ముక్కా రాదు. తీరా వెళితే అది ఫ్రెంచిలో ఆఖరి పాఠం. ఊళ్ళో పెద్దవాళ్ళంతా వచ్చి వెనక బెంచీల మీద కూర్చుని ఉంటారు.

పార్టిసిపుల్సు మాట రాగానే పిల్లలు పకపకా నవ్వారు. నవ్వు అయ్యాక పెద్దవాడు అడిగాడు: "తాతా, ఫ్రాంజ్ వాళ్ళింట్లో ఏం భాష మాట్లాడతారు?"

గైడులో ఈ ప్రశ్న లేదు. కథలోనూ దీనికి జవాబు లేదు. ఆల్సేస్ పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడింది జర్మను కుటుంబానికి చెందిన ఒక మాండలికం. ఫ్రెంచి బడి భాష, రాజ్యం భాష. ఫ్రెంచి పోయి జర్మను వచ్చినప్పుడు కూడా, బెర్లిను పంపిన పుస్తకాల జర్మను ఆ ఇంటి మాట కాదు. మాస్టారి కన్నీళ్ళు అబద్ధమని కాదు. కాని ఆ ఊరివాళ్ళు వంటింట్లో మాట్లాడుకునే మాట ఆ బళ్ళో ముందూ లేదు, తరువాతా లేదు. ఈ సంగతి చెబితే వాడు కాసేపు ఊరుకుని, "మనలాగే" అన్నాడు.

ఇక్కడ మనవాళ్ళకు తెలియని చరిత్ర కాదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటికొక తరగతిగా తప్పనిసరి అవుతూ, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీల పిల్లలు కోర్టులకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకున్నారు. ఆ పోరాటం అవసరమైనదే. అయితే అది తెలుగు చదువుతూ ఉన్న పిల్లల పోరాటం. మా ఇంటికొచ్చే అబ్బాయిల వంటివాళ్ళకు ఏ హుకుమూ తెలుగును తీసెయ్యలేదు. వాళ్ళకు ఆఖరి పాఠం లేదు, మొదటి పాఠమే జరగలేదు. తమిళం వాళ్ళకు అన్నం పెట్టే ఊరి భాష. దాన్ని బాగా నేర్చుకోవలసిందే. ఇంగ్లీషు రేపటి ఉద్యోగానికి. ఈ రెండింటి మధ్య తెలుగుకు వేళ ఎక్కడ దొరుకుతుందని తల్లిదండ్రులు నన్నే అడిగారు.

వేళ ఆ ఇంగ్లీషు గంటలోనే దొరికింది. నేనేమీ ఎత్తు వెయ్యలేదు. పిల్లవాడి నోటుబుక్కే దారి చూపింది. మాటల పట్టికలో మూడో గడి గీసి తెలుగు అర్థం రాసుకోమన్నాను. వాడు తమిళ లిపిలో రాసుకున్నాడు. తమిళంలో ప, బ లకు ఒకటే అక్షరం. 'హావింగ్ ఫాలెన్' అన్నదానికి ఎదురుగా "పడి" అని రాసుకున్నాడు. వారం తరువాత తానే చదివి, 'బడి' అనుకుని "స్కూలుకూ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు. తమిళంగా చదివితే 'పడి' అంటే 'చదువుకో' అని అర్థం. ఒకే రాతలో బడి, పడి, చదువు మూడూ చేరి కూర్చున్నాయి! ముగ్గురం నవ్వుకున్నాం. వాడు మాత్రం నవ్వలేదు. "ఆ రెండక్షరాలూ తెలుగులో వేరువేరుగా ఎలా రాస్తారు?" అన్నాడు.

ప రాశాను, దాని పక్కన బ రాశాను. మర్నాడు త, ద అడిగాడు. ఆ తరువాత ట, డ. తమిళం ఒక అక్షరంతో సరిపెట్టుకునే చోటల్లా తెలుగు రెండు పెడుతుందని తెలిసి, వెతికి వెతికి అడిగాడు. అ, ఆ లతో మొదలుపెట్టి ఉంటే పదిహేనేళ్ళవాడు చిన్నతనం అనుకుని పారిపోయేవాడు. తన అవసరం కోసం వచ్చిన అక్షరం కనుక నిలిచింది. పరీక్షల నాటికి మూడో గడిని వత్తులు తప్పుతూ, దీర్ఘాలు మింగుతూ తెలుగులోనే నింపాడు. దానివల్ల ఇంగ్లీషులో ఇన్ని మార్కులు పెరిగాయని నేను లెక్కగట్టి చెప్పలేను. తగ్గలేదని మాత్రం చెప్పగలను. ఇంటి మాట అడ్డొస్తే ఇంగ్లీషు చెడుతుందని భయపడే తల్లిదండ్రులకు ఆ మాట చాలు.

చెన్నైలో, హోసూరులో, బెంగుళూరులో, ఇంకా దూరాన ఉన్న మన కుటుంబాల్లో తెలుగు చదవగలిగిన తాతలూ అమ్మమ్మలూ ఇంకా ఉన్నారు. తెలుగు తరగతి పెడతామంటే పిల్లలు రారు. ఇంగ్లీషు పరీక్షకు సాయం చేస్తామంటే వస్తారు. వచ్చినప్పుడు వాళ్ళ మాటల పట్టికలో నిలువుగా ఇంకొక గీత గీయండి. ఆ గడిలో మొదట నోటిమాట చెప్పించండి. అక్షరం వాళ్ళే అడిగేదాకా ఆగండి.