తనంతట తానే

మా ఇంట్లో ఎవరూ తమంతట తాము ఒక పని చేసిన పాపాన పోలేదు. మంచినీళ్ళ సీసా నింపమని మావారికి మూడుసార్లు చెప్పాలి. తడి తువ్వాలు దండెం మీద ఆరెయ్యమని, సెలవులకు ఇంటికొచ్చిన మా అబ్బాయికి ముప్ఫైసార్లు చెప్పాలి. అటువంటి ఇంటికి, 2023లో, చెప్పకుండానే పని చేసే వస్తువు ఒకటి వచ్చిందంటే నేనెంత సంబరపడి ఉంటానో మీరే ఊహించుకోండి. ఆ వస్తువు మా కొత్త కారు.

కార్లమ్మే చోట కుర్రవాడు తాళంచెవి చేతికిస్తూ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "మేడమ్, వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి. చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. ఈ రెండు మీటలూ ఆటోలో ఉంచితే చాలు, ఇక మీరు వాటిని ముట్టుకోనక్కరలేదు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా తరగతి గదిలో ఉపన్యాసాలిచ్చి బతుకుతున్నదాన్ని. ఇంత ధీమాగా చెప్పే మాటలో ఎక్కడో మెలిక ఉంటుందని నాకు తట్టవలసింది. తట్టలేదు. మావారైతే ఆ కుర్రవాడి వంక, పిల్లనిచ్చే మామగారి వంక చూసినట్టు చూశారు.

మొదటి మెలిక మొదటి ఆదివారమే బయటపడింది. మావారు కారు ఆన్ చేసి, పాటలు పెట్టుకుని, తడిగుడ్డతో ముందు అద్దం తుడవబోయారు. అద్దానికి తడి తగిలిందో లేదో, వైపరు చటుక్కున లేచి ఆయన ముంజేతి మీద ఒక్కటిచ్చింది. "వాన అనుకుందే పాపం!" అన్నారు, చెయ్యి రుద్దుకుంటూ. నేను చెయ్యి తగిలితే ఆయన ఇంత ఓర్పు చూపరు.

తరువాత తెలిసిందేమిటంటే, దానికి సన్న తుంపర ఆనదు. అద్దం మీద ఆవగింజలంతేసి చుక్కలు పేరుకుని దారి మసకబారుతున్నా బెల్లం కొట్టిన రాయిలా పడి ఉంటుంది. పక్కనుంచి పోయే లారీ గుంటలోని నీళ్ళు ఒక్కసారి చిమ్మిందా, పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. నడివేసవిలో, సరిగ్గా దాని కన్ను ఉన్నచోట ఏ పురుగో చితికితే, ఎండిన అద్దం మీద కీచుమని కదిలి ఆ మరకను అద్దమంతా పులిమి పెడుతుంది.

మా వ్యాకరణంలో 'బహుళం' అని ఒక మాట ఉంది. ఒక కార్యం ఒకచోట తప్పక జరగవచ్చు, ఒకచోట అసలు జరగకపోవచ్చు, ఒకచోట జరిగితే జరగవచ్చు, మరొకచోట వేరే ఏదో జరగవచ్చు. ఏటా ఆ మాట విద్యార్థుల తలకెక్కించలేక నా తలప్రాణం తోకకు వచ్చేది. ఇప్పుడు మా కారు వైపర్ల కథ చెబుతున్నాను. ఒక్కసారికే అర్థమవుతోంది.

ఎందుకిలా చేస్తుందని మెకానిక్కును అడిగితే విడమరచి చెప్పాడు. వెనక వచ్చే బళ్ళను చూసుకునే చిన్న అద్దం ఉంటుంది కదా, దాని వెనకాల, ముందు అద్దానికి లోపలివైపు అతికించి అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ఉంది. అది మన కంటికి కనబడని పరారుణ కిరణాలను ఏటవాలుగా అద్దంలోకి పంపుతుంది. అద్దం పొడిగా ఉంటే ఆ వెలుగు దాదాపు అంతా పరావర్తనం చెంది తిరిగి వచ్చేస్తుంది. పైన నీటిచుక్క ఉంటే అక్కడ కొంత వెలుగు బయటికి జారిపోతుంది. తిరిగి వచ్చే వెలుగు తగ్గితే వాన అని లెక్క. అంటే అది ఆకాశాన్నీ చూడదు, మబ్బునూ చూడదు. అరచేతిలో సగమైనా లేని గాజుముక్కను మాత్రం చూస్తుంది. దారి కనబడుతోందా లేదా అన్నది దాని పని కాదు.

ఈ వైపరుకు పుట్టుపూర్వోత్తరాలు లేకపోలేదు. 1902 శీతకాలంలో మేరీ ఆండర్సన్ అనే అమెరికన్ మహిళ న్యూయార్కులో ట్రాము ఎక్కిందట. మంచు పట్టిన అద్దంతో డ్రైవరు పడే అవస్థ చూసి, లోపల కూర్చునే చేత్తో తిప్పే తుడుపుబద్దను ఆలోచించి, 1903లో పేటెంటు పొందింది. ఆగి ఆగి తిరిగే వైపరును 1960లలో రూపొందించిన రాబర్ట్ కెర్న్స్, ఆ ఊహ తనకు కనురెప్పపాటు నుంచి వచ్చిందని చెప్పుకున్నాడు. 1952లోనే జనరల్ మోటార్స్ వారు, ఎదురుగా దీపాలు వస్తే తన దీపాలను తానే దించుకునే 'ఆట్రానిక్ ఐ'ని కొన్ని కార్లలో పెట్టారు. రెప్పా వచ్చింది, కన్నూ వచ్చింది. ఆ రెంటి వెనకా ఉండవలసిన మనిషి సంగతే నేను చెప్పబోతున్నాను.

మా కారు దీపాలది మరో తీరు. మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర వంతెన కిందకు దూరితే చాలు, సంధ్యాదీపం పెట్టినట్టు లైట్లు వెలిగించుకుంటుంది. ఎదురొచ్చే ఆటో అతను, దారి ఇమ్మని దబాయిస్తున్నామనుకుని గుడ్లురుముతాడు. రాత్రి కారాపి తాళం వేశాక, మేము ఇంటి మెట్లెక్కేదాకా వెలిగి, తరువాత తనంతట తానే ఆర్పేసుకుంటుంది. ఆ సంగతి మా వాచ్‌మన్‌కు ఎంత చెప్పినా ఎక్కదు. "అమ్మా, లైట్లు మరిచారు!" అని రోజూ వెంటపడేవాడు. రోజూ నవ్వుకునేదాన్ని. మరిచిపోయే అవకాశమే లేని కారు మాది అని నాకు లోలోపల గర్వం కూడాను.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, హైదరాబాదులో చదివే మా అబ్బాయిని హాస్టల్లో దింపడానికి విజయవాడ నుంచి తెల్లవారుజామునే బయలుదేరాం. నేను నడుపుతున్నాను. మావారు పక్కన, అబ్బాయి వెనక సీట్లో అరిసెల డబ్బా మీద చెయ్యి వేసి నిద్రలో. చీకటిలో దీపాలు బాగానే వెలిగాయి. కంచికచర్ల దాటేసరికి తెల్లవారింది గాని, పొలాల మీది నుంచి మంచు రోడ్డు మీదికి పాకింది. నాలుగు బారల అవతల ఏముందో తెలియదు. అంతా పాలు ఒలకబోసినట్టుంది. వేగం తగ్గించి మెల్లగా పోతున్నాను. నా ముందు మీటరు బల్ల ధగధగలాడుతోంది. దీపాలున్నాయి గదా అని ధైర్యం.

ఉన్నట్టుండి వెనక గాలిహారన్, ఆ వెంటనే బ్రేకుల కీచు. చిన్న అద్దం నిండా నిమ్మకాయలు, మిరపకాయలు కట్టిన లారీ ముఖం! ఆ ముఖానికీ మా కారుకూ మధ్య ఉన్నది వెనక సీటు, అందులో నా బిడ్డ. లారీ ఊగిసలాడి కుడివైపుకు తప్పుకుని, మమ్మల్ని దాటి మంచులో కలిసిపోయింది. "ఏం తోలుడయ్యా అది!" అన్నారు మావారు. నా కాళ్ళు వణుకుతున్నాయి.

నందిగామ ముందు టీకొట్టు దగ్గర కారు ఆపాను. ఆ లారీ అక్కడే ఉంది. డ్రైవరు యాభై ఏళ్ళ మనిషి. చేతిలోని గ్లాసు పక్కన పెట్టి మా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీ బండికి వెనక ఒక్క దీపం లేదు. తెల్లటి మంచులో తెల్లటి బండి. దగ్గరకొచ్చాక చక్రాల నలుపు కనబడింది. అంతే" అన్నాడు.

"లైట్లు ఆటోలో ఉన్నాయయ్యా, అవిగో వెలుగుతున్నాయి" అన్నారు మావారు, ముందువైపు చూపిస్తూ. ఆయన వాదించలేదు. వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు. వెళ్ళి చూశాం. వెనక ఏమీ లేదు. పొయ్యి ఆరిన వంటిల్లులా ఉంది.

అప్పుడు అర్థమైంది. ముందు వెలుగుతున్నవి పగటిపూట వెలిగే చిన్న దీపాలు. మా కారులోనూ, మరెన్నో కార్లలోనూ వాటితోపాటు వెనక దీపాలు వెలగవు. అసలు దీపాలను వెలిగించే కన్ను వెలుగెంత ఉందో కొలుస్తుందే గాని, చూపు ఎంత దూరం ఆనుతుందో కొలవదు. మంచులో చీకటి ఉండదు. తెల్లని వెలుగు ఉంటుంది. కనుక తెల్లవారగానే, దాని మటుకు అది న్యాయంగానే, దీపాలార్పేసింది. పాత కార్లలో దీపాలు వెయ్యకపోతే మీటరు బల్ల కూడా చీకటిగా ఉండి గుర్తుచేసేది. ఇప్పుడది పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. నన్ను నమ్మించింది అదే.

ఆ డ్రైవరుకు దణ్ణం పెట్టాను. టీ డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మీట తిప్పుకోండమ్మా, అది చాలు" అని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి మంచు పట్టినా, పగలు జోరువాన కురిసినా మీటను ఆటో నుంచి తప్పించి నా చేత్తోనే దీపాలు వేస్తాను. అవి కూడా దించిన దీపాలే. ఎత్తి వేస్తే మంచు ఆ వెలుగును తిరిగి మన కళ్ళలోకే కొడుతుంది. వైపర్లు తిరగవలసిన వాన ఉందంటే వెనక దీపాలూ వెలగాలన్నది నేను పెట్టుకున్న సూత్రం. ఇది మాత్రం బహుళం కాదు, నిత్యం.

వాచ్‌మన్ ఇప్పటికీ "అమ్మా, లైట్లు!" అంటూ వస్తాడు. నవ్వడం మానేశాను. ఆగి, వెనక్కి తిరిగి చూసి, "ఆరిపోతాయిలే బాబూ, నువ్వు మాత్రం చెప్పడం మానకు" అంటున్నాను.

మొన్న సెలవులకు వచ్చిన అబ్బాయిని మళ్ళీ దింపడానికి బయలుదేరాం. నేను మీట తిప్పాను. ఎవరూ చెప్పకుండానే వాడు కారు దిగి, వెనక్కి వెళ్ళి, వంగి చూసి వచ్చాడు. "రెండూ వెలుగుతున్నాయమ్మా, పద" అన్నాడు.