తెగిన వ్రేళ్ల సంగీతము

మా విద్యార్థులలో కొందఱు 'హెవీ మెటల్' అను పాశ్చాత్య సంగీతమును వినుచుండుటయు, తల్లిదండ్రులు దానిని వట్టి రొదగా నెంచి విసుగుకొనుచుండుటయు మే మెఱుగుదుము. ఆ సంగీతమునకు ఆద్యులలో ముఖ్యులైన బ్లాక్ సబ్బత్ బృందము వారి కథను ఉభయులును వినవలెనని మా కోరిక.

ఇంగ్లండులోని బర్మింగుహాము కర్మాగారముల నగరము. అచ్చట టోనీ అయోమీ యను 17 ఏండ్ల బాలుడు రేకుల కర్మాగారమున పనిచేయుచు, యంత్రమున చేయి పడి, కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను కోల్పోయెను. ఎడమచేతివాటము వాడగుటచే గిటారు తంతులను నొక్కవలసినవి ఆ వ్రేళ్లే. అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. సన్నని తంతులు కట్టెను. కొంతకాలమునకు శ్రుతిని తగ్గించి వానిని వదులుచేసెను. ఆ వాద్యమునందలి బరువైన నాదమునకు ఈ యేర్పాటులును కారణములే. 1968లో కూడిన ఆ నలుగురి మొదటి సంపుటము 1970లో వెలువడెను.

1978 తరువాత గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ కంఠముతో వారి క్రొత్తపాటల సంపుట మేదియు రాలేదు. 35 ఏండ్లకు, 2013 జూన్ నెలలో, '13' అను సంపుటము వచ్చెను. దాని నిర్మాణకాలముననే అయోమీకి క్యాన్సరు వ్యాధి బయటపడెను. చికిత్స పొందుచునే అతడు పని సాగించెను. ఆ సంపుటము ఇంగ్లండునందును, అమెరికాయందును విక్రయములలో ప్రథమస్థాన మందెను.

మేము దానిని ఆద్యంతము వింటిమి. మొదటి రెండు పాటలును ఎనిమిదేసి నిమిషములకు మించినవి. వానికి తొందర లేదు. గాయకుని కంఠము పూర్వమువలె పైకెగయక, తనకందు స్థాయిలోనే నిలిచి పాడును. ఒప్పందము కుదరక మృదంగస్థానమునుండి బిల్ వార్డ్ తప్పుకొనుట మాత్రము మాకు లోటుగా తోచినది. ఆ లోటు 2025 జూలై 5న తీఱెను: బర్మింగుహామున కడపటి కచేరీలో నలుగురును ఒకే వేదికపై నుండిరి. నిలువలేని ఓజీ కూర్చుండియే పాడెను. ఆ నెల 22న మరణించెను.

చదువు మధ్యలో మాని, ఏడాదికో రెండేండ్లకో మరల వచ్చి, వెనుకబల్లపై సిగ్గుతో కూర్చుండు పిల్లలను మేమేటేట చూచుచున్నాము. పూర్వపు వేగము లేదని ఇంటివారు వారిని నిందింతురు. తల్లిదండ్రులారా, కొంత శ్రుతి తగ్గించి వారిని చదువనిండు. బాలురారా, మీకు మిగిలిన వ్రేళ్లతోనే వాయింపుడు.