భావూచా ధక్కా: చేపకు లెక్క వ్రాసేదెవరు?

మన కామాఠీపురా, నాగ్‌పాడా ప్రాంతాలలో పుట్టి పెరిగినవారికి సముద్రమంటే చౌపాటీయే. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకొని పోయి, ఇసుకలో కూర్చుని, భేల్‌పూరీ తిని తిరిగి వస్తాము. కాని మనం కాపురముంటున్న యీ నేల కూడ ఒకప్పుడు పోటునీరు ఎక్కే పల్లమే. వర్లీ వైపున ఉండిన గండిని పూడ్చి, 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డు అనే కట్ట పూర్తిచేసిన తరువాతనే ఇక్కడ నేల తేలి, ఇండ్లు కట్టుకొనుటకు వీలైనది. నైజాము రాజ్యంనుండి వచ్చిన మన పెద్దలు పగలంతా నగరం కట్టి, రాత్రి యిక్కడ తలదాచుకొన్నారు. కామాఠీలనే వారి పేరే పేటకు నిలిచినది. అంటే సముద్రాన్ని వెనుకకు నెట్టిన చోటనే మన చాళ్లు ఉన్నాయి. అయినా ఆ సముద్రంలోనుండి మన పొయ్యిమీదికి వచ్చే చేపను గురించి మనకు తెలిసినది చాల తక్కువ.

తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. నాగ్‌పాడా నుండి తూర్పుగా నడిచి, బైకులా మీదుగా మజ్‌గాఁవ్ చేరి, డాక్‌యార్డ్ రోడ్ స్టేషను దాటితే గాలిలోనే దారి తెలుస్తుంది. ముక్కు ఎటు లాగితే అటు పోతే చాలు, భావూచా ధక్కా వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో లక్ష్మణ్ అజింక్య అనే ఆయన ఇక్కడ రేవు కట్టించారట. జనం ఆయనను ‘భావూ’ అని పిలిచేవారు కనుక ఇది భావూగారి ధక్కా అయినది. తరువాత కట్టిన క్రొత్త రేవుకు కూడ ఆ పేరే దక్కినది. రేవస్, మోరా పోయే లాంచీలు ఒక ప్రక్క, చేపల పడవలు మరొక ప్రక్క. ముంబైలో చేప దిగే పెద్ద రేవులు రెండింటిలో ఇది ఒకటి. రెండవది కొలాబాలోని ససూన్ డాక్, 1875 నాటిది.

తెల్లవారకముందే అక్కడ తిరునాళ్ల సందడి. దీపాల వెలుగులో పడవలు ఒకదానికొకటి ఆనుకొని నిలబడి ఉంటాయి. కడుపులోనుండి ఐసుతో కలిపి చేపలు పైకి వస్తాయి. బుట్ట మీద బుట్ట, కేక మీద కేక. నడుముకు చీర బిగించిన కోళీ స్త్రీలు వేలంపాటలో మగవారిని నోరెత్తనివ్వరు. కాళ్ల క్రింద నీళ్లు, పొలుసులు, కరిగిన ఐసు. మాటలు మరాఠీ, హిందీ, కొంకణి. చెవి పెట్టి వింటే మధ్యలో మన తెలుగు కూడ. శ్రీకాకుళం వైపునుండి వచ్చి యీ తీరపు పడవలలో కూలికి పనిచేసేవారు ఉన్నారు. పడవ నాయకుడిని ఇక్కడా తండేల్ అనే అంటారు, అక్కడా తండేల్ అనే అంటారు. రెండు తీరాలకు ఒకే మాట.

అటువంటి ఒక పెద్దమనిషి వల బాగుచేసుకొంటూ కూర్చుంటే పలుకరించినాను.

“ఎన్నాళ్లు పోయి వచ్చారన్నా?”

“పది రోజులు బాబూ.”

“ఎంత పడిందేమిటి?”

ఆయన సూది ఆపి నవ్వినాడు. “ఏ లెక్క చెప్పమంటావు బాబూ? సేటుకు ఒక లెక్క, సొసైటీకి ఒక లెక్క, మా ఇంటిదానికి ఒక లెక్క!”

హాస్యానికే అన్నాడు గాని, గుమాస్తా పనిలో తల నెరుస్తున్న నాకు ఆ మాట చెవిలో నిలిచిపోయినది. ఏ కచేరీలోనైనా పెద్ద రిజిస్టరు అందంగానే ఉంటుంది. గీతలు నిటారుగా, కూడికలు సరిగా, క్రింద సంతకం. కాని రిజిస్టరు ఎంత నిజమంటే, దానికి ఆధారమైన మొదటి చీటీ ఎంత నిజమో అంతే. మొదటి చీటీ తప్పయితే పైన ఎందరు అధికారులు సంతకాలు పెట్టినా అది ఒప్పు కాదు. మరి యీ రేవులో మొదటి చీటీ వ్రాసేదెవరు?

మన దేశంలో యీ పని చాలకాలంగా చేస్తున్నది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. 1947లో స్థాపించినారు, ఇప్పుడు కేంద్ర కార్యాలయం కొచ్చిలో ఉన్నది. దేశంలో రేవులు వందలకొద్దీ ఉన్నవి, పడవలు లక్షలకొద్దీ. ప్రతి బుట్టనూ తూచుట ఎవరివల్లా కాదు. అందుచేత వారు అన్నం ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచే పద్ధతిని పెట్టుకొన్నారు. తీరాన్ని భాగాలు చేసి, నెలలో కొన్ని రోజులను చీట్లు తీసినట్టు ఎంచుకొంటారు. సామాన్యమైన రేవుకు వారి మనిషి మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి ఆరింటి వరకు ఉంటాడు. మరునాడు ఉదయం ఆరింటికి వచ్చి పన్నెండు వరకు చూస్తాడు. నడుమ రాత్రి దిగినదానిని అడిగి తెలుసుకొంటాడు. పడవలు పదిహేనుకు మించకపోతే అన్నిటినీ చూస్తాడు, మించితే కొన్నిటిని ఎంచుకొంటాడు. మాటవరుసకు అరవై పడవలు వచ్చి, వాటిలో పన్నెండు చూస్తే, వచ్చిన మొత్తాన్ని అయిదుతో హెచ్చవేస్తారు. ఈ విధంగా లెక్కకట్టి, 2024లో దేశమంతటా సముద్రంనుండి దిగిన చేప సుమారు 34.7 లక్షల టన్నులనీ, అంతకు ముందు యేటికన్న 2 శాతం తక్కువనీ తేల్చినారు.

ఈ పద్ధతిని తక్కువ చేయనక్కరలేదు. ఎండలో, వానలో, బురదలో నిలబడి వ్రాసే ఆ చిన్న ఉద్యోగి లేకుంటే దేశానికి సముద్రపు జమాఖర్చే లేదు. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన వ్రాసేది రేవులో దిగిన చేప. వలలో పడిన చేప అంతా రేవుకు రాదు. ధర పలకని చిన్న చేపను, చితికినదానిని సముద్రంలోనే పారవేస్తే అది ఎవరి రిజిస్టరులోనూ ఎక్కదు. అది చచ్చినది నిజం, ఖాతాలో మాత్రం బ్రతికే ఉంటుంది!

ఇక చట్టం సంగతి. తీరంనుండి 12 నాటికల్ మైళ్లు, అంటే ఇరవైరెండు కిలోమీటర్ల వరకు చేపల పెత్తనం రాష్ట్రానిది. అక్కడినుండి 200 నాటికల్ మైళ్ల వరకు కేంద్రానిది. మహారాష్ట్రం 1981లో సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం చేసినది. పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు, 61 రోజులు, యంత్రపు పడవలు వేటకు పోరాదు. కోళీలకు ఇది క్రొత్త కాదు. వానాకాలంలో పడవలను ఒడ్డుకెక్కించి, నారళీ పున్నమినాడు సముద్రుడికి కొబ్బరికాయ సమర్పించి మరల దిగుట వారి తాతలనాటి ఆచారం. మనకు జంధ్యాల పున్నమి అయిన ఆ రోజే వారికి సముద్రం తలుపు తెరిచే రోజు.

యంత్రాలు పెరిగిన తరువాత ఆచారం ఒక్కటే చాలలేదు. చేపల గుంపును గుండ్రంగా చుట్టి, అడుగు త్రాడు లాగి, సంచి మూతివలె బిగించే పర్స్ సీన్ వలలు వచ్చినవి. 2016 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం వాటిని సెప్టెంబరునుండి డిసెంబరు వరకు మాత్రమే అనుమతించినది. రాత్రివేళ ఎల్.ఇ.డి. దీపాలు వెలిగించి చేపలను మోసగించి పట్టే పద్ధతిని 2017 నవంబరులో కేంద్రం నిషేధించినది. 2021లో రాష్ట్ర చట్టాన్ని సవరించి జరిమానాలను లక్షలలోనికి పెంచినారు. 2023 సెప్టెంబరులో పాప్లెట్‌ను, మన తెలుగు తీరంలో చందువ అనే చేపను, రాష్ట్ర మత్స్యంగా ప్రకటించినారు. అదే యేడు 54 రకాలకు, ఇంతకన్న చిన్నవాటిని పట్టరాదని కొలతలు నిర్ణయించినారు. ఎందుకంటే గ్రుడ్లు పెట్టకముందే పిల్లచేపను పట్టితే మరుసటి తరం ఎక్కడిది? విత్తనాల గింజను వండుకొని తిన్న రైతు కథ మన తెలంగాణ పల్లెలలో అందరికీ తెలిసినదే.

ఇంతవరకు బాగున్నది. కాని కాగితాల విషయంలో ఒక వింత ఉన్నది. 2008 నవంబరు 26న పోర్‌బందర్ పడవ ‘కుబేర్’ను చేజిక్కించుకొని వచ్చిన దుండగులు కొలాబాలో మచ్ఛీమార్ నగర్ దగ్గర ఒడ్డుకెక్కి యీ నగరాన్ని రక్తంతో తడిపినారు. మన నాగ్‌పాడాలోనే కార్యాలయమున్న ఉగ్రవాద నిరోధక దళం తన అధిపతి హేమంత్ కర్కరేను ఆ రాత్రే కోల్పోయినది. అటుపై సముద్రంమీద కట్టుదిట్టాలు పెరిగినవి. వేలిముద్రల గుర్తింపు కార్డులు వచ్చినవి. పడవలకు దేశమంతటా ఒకే విధమైన రిజిస్ట్రేషను, రాష్ట్రానికొక రంగు వచ్చినవి. మంచిదే. అంటే నేడు ప్రభుత్వం వద్ద పడవకు లెక్క ఉన్నది, మనిషికి లెక్క ఉన్నది. చేపకు మాత్రం అంచనాయే గాని పడవవారీగా గట్టి లెక్క లేదు. పైగా, ఐరోపా దేశాలకు ఎగుమతి అయ్యే చేపకు 2010నుండి ఎక్కడ, ఏ పడవ పట్టినదో చెప్పే ధృవపత్రం కావాలి. అదే రేవునుండి మన గల్లీకి వచ్చే బుట్టకు ఏ కాగితమూ లేదు. పరాయివాడి పళ్లెంలోని చేపకు జాతకం ఉన్నది, మన పళ్లెంలోని చేపకు లేదు.

లెక్క తప్పితే ఏమవుతుందని అడిగేవారికి కెనడాలోని న్యూఫౌండ్లాండ్ చెబుతుంది. అక్కడి కాడ్ చేప శతాబ్దాలుగా ప్రపంచాన్ని పోషించినది. 1980ల్లో పెద్ద ట్రాలర్లకు చేప బాగా పడుతున్నదని చూచి, సముద్రంలో నిలువ బాగున్నదని అక్కడి ప్రభుత్వం లెక్కవేసినది. నిజానికి మిగిలిన కొద్ది చేప ఒకచోట గుమిగూడినది. ట్రాలర్లు వెదకి వెదకి అక్కడికే పోయినవి. 1992 జూలై 2న వేట ఆపక తప్పలేదు. దాదాపు ముప్పదివేల మందికి ఒక్కమారుగా పని పోయినది. ఆ నిషేధం ఎత్తివేయుటకు 2024 వరకు పట్టినది. ఊళ్లకు ఊళ్లు అప్పటికి చెదరిపోయినవి.

అది పొరపాటు లెక్క. దొంగలెక్క కూడ ఉన్నది. అమెరికాలో న్యూబెడ్‌ఫర్డ్ రేవులో కార్లోస్ రాఫాయెల్ అనే పెద్ద పడవల యజమాని ఉండేవాడు. అక్కడ ఒక్కొక్క జాతికి ఇంత మాత్రమే పట్టవలెనని కోటా ఉంటుంది. ఇతడు కోటా తక్కువున్న చేపను పట్టి, కోటా ఎక్కువున్న హాడక్ అని వ్రాయించినాడు. దాదాపు 7 లక్షల 80 వేల పౌండ్లు యీ విధంగా పేరు మారినవి. 2017లో నేరం ఒప్పుకొని 46 నెలల శిక్ష పొందినాడు. కలంపోటుతో కాడ్ హాడక్ అయినది, కాని సముద్రంలో తగ్గినది కాడే!

మన తెలుగు తీరానికీ ఇందులో పాలున్నది. ఆంధ్రప్రదేశ్ చట్టం 1994 నాటిది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు. మన తీరంలో బ్రతుకు చాలకనే శ్రీకాకుళం జాలరులు గుజరాత్‌లోని వేరావల్ వరకు పోయి పడవలెక్కుతున్నారు. అలా పోయి 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కిన మన వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరినారు. 2025లో వచ్చిన ‘తండేల్’ చిత్రం ఆ సంఘటనమీద అల్లినదే. ఇంటికి దగ్గరి సముద్రంలో చేప ఉంటే ఎవరు అంత దూరం పోతారు? చేపల లెక్క అంటే చివరికి మనుష్యుల లెక్కే.

2025 నవంబరులో కేంద్రం 12 మైళ్లకు ఆవలి వేటకు క్రొత్త నియమాలు ప్రకటించినది. యంత్రపు పడవలు అనుమతి పత్రం పొందవలెను. సంప్రదాయ జాలరులకు ఆ బాధ లేదు. నియమాలు ఎన్ని వచ్చినా, రేవులో మొదటి చీటీ వ్రాసేవాని సంఖ్య పెరగనిదే ఫలితముండదు. జాలరికీ నమ్మకం కలగాలి. నిజం వ్రాస్తే జరిమానా, అబద్ధం వ్రాస్తే నిశ్చింత అనే స్థితి ఉంటే ఎవడైనా రెండవదే వ్రాస్తాడు. తాను వ్రాసిన అంకె తన బిడ్డల సముద్రాన్ని కాపాడుతుందని తండేల్‌కు నమ్మకం కలిగించుట పోలీసు పని కాదు, పంతులు పని.

మనం చేయగలిగినది కూడ కొంత ఉన్నది. బజారులో అరచేతిలో ఇమిడిపోయే పిల్ల పాప్లెట్లు కుప్పపోసి చవకగా ఇస్తామంటారు. “మావశీ, పెద్దది లేదా?” అని అడిగి, లేకుంటే ఆ పూట వేరే చేప తీసుకొనే ఇల్లాలు ఒక్కరు కాదు, పదిమంది అయితే ఆ మాట వేలంపాట వరకు పోతుంది. అమ్ముడుపోని చేపకోసం ఎవరూ డీజిలు కాల్చరు. నిషేధపు నెలల్లో తాజా పాప్లెట్ అని ఎవరైనా తెస్తే, ఎక్కడిదని అడుగుటలో తప్పు లేదు. పప్పు, పచ్చిపులుసులతో రెండు నెలలు గడుపుట మన తెలుగిండ్లకు కష్టమైన పని కాదు గదా!