నొప్పుల పొడి వాడొద్దు, వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు



ముందుగా ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి సంతలో కొన్న నొప్పుల పొడి గానీ, చీటీ లేకుండా తెచ్చుకున్న చిన్న మాత్రలు గానీ వాడుతుంటే, ఈ పోస్టు సగం చదివి వాటిని ఈరోజే పారెయ్యకండి. చివరిదాకా చదవండి. పొడుగు పోస్టే. ఈసారి ఎరువుల గురించి కాదు, మన ఒంటి గురించి.

నాట్లు అయ్యేసరికి మన ఊళ్ళల్లో నడుం నొప్పి లేని ఇల్లుండదు. సంత రోజున ఎవరో ఒకాయన గుడ్డ పరిచి పొట్లాలు పేరుస్తాడు. "ఆకుపసరు మందు, సైడ్ ఎఫెక్టులు లేవు, నొప్పులు పోతాయి, ఇమ్యూనిటీ పెరుగుతుంది" అంటాడు. వేసుకున్న రెండో రోజుకే మోకాళ్ళు తేలికవుతాయి. ఆకలి పుడుతుంది. ఒళ్ళు నిండుతుంది. ఏ ఆకు మందైనా రెండు రోజుల్లో అంత పని చేసిందంటే సంతోషం కాదు, అనుమానం రావాలి.

మా బావ సంగతి చెప్తాను. గాజువాకలో ఉంటారు, పోర్టు వైపు లోడింగ్ పని, సగం రోజులు రాత్రి డ్యూటీలే. మోకాళ్ళ నొప్పులకి రెండేళ్ళు ఇలాంటి పొడి వాడారు. మొహం గుండ్రంగా అయింది, పొట్ట పెరిగింది, కాళ్ళూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. చిన్న దెబ్బ తగిలినా చర్మం కమిలిపోయేది. సుగరు కూడా వచ్చింది. చుట్టాలేమో "బాగా ఒళ్ళు చేశావు" అనేవారు. ఒకసారి పొడి అమ్మే మనిషి రావడం మానేశాడు. పొడి అయిపోయిన పది రోజులకి బావకి జ్వరం, విరేచనాలు. మామూలువే. కానీ మనిషి మంచం మీంచి లేవలేకపోయారు. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కిస్తున్నా బీపీ లేవలేదు. ఒక డాక్టరమ్మ ఆ గుండ్రటి మొహం చూసి "ఏవైనా పొడులు వాడారా?" అని మా అక్కని అడిగారు. అక్క సంచిలోంచి ఖాళీ పొట్లం తీసి చూపించింది. వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి బావ మాట్లాడారు. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే మా అక్క బతుకు ఏమయ్యేదో.

అసలు ఏం జరిగిందో చెప్తాను. మన రెండు కిడ్నీల మీద టోపీల్లాగ రెండు చిన్న గ్రంథులుంటాయి. అడ్రినల్ గ్రంథులంటారు, పుస్తకాల్లో అధివృక్క గ్రంథులు. ఒక్కొక్కటి ఐదు గ్రాములు కూడా తూగదు. గట్టు మీద కట్లపాము కనబడగానే గుండె దడదడలాడి ఎగిరి అవతల పడతాం చూడండి, అది లోపలి భాగం వదిలే అడ్రినలిన్ పని. బయటి భాగం కార్టిసాల్ తయారు చేస్తుంది. జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, పస్తున్నా, దిగులు పడినా బీపీ, సుగరు పడిపోకుండా మనిషిని నిలబెట్టేది అదే. తెల్లవారుజామున ఎక్కువగా ఊరుతుంది, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది.

కార్టిసాల్‌కి ఇంకో పని కూడా ఉంది. రోగనిరోధక శక్తి మరీ రెచ్చిపోకుండా పగ్గం వేస్తుంది. వాపు, నొప్పి తగ్గేది అందుకే. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మందులన్నీ ఈ కార్టిసాల్‌కి అన్నదమ్ములు. బలంలో మాత్రం చాలా ఎక్కువ. అర మిల్లీగ్రాము డెక్సా మాత్ర ఒక్కటి, మన ఒంట్లో రోజంతా తయారయ్యే కార్టిసాల్‌కి ఇంచుమించు సమానం. అలాంటిది పొడిలో కలిపి "ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని అమ్మితే, అది ఇమ్యూనిటీని పడుకోబెట్టే మందు. లోపల అణిగి ఉన్న టీబీ కూడా మళ్ళీ లేస్తుంది.

ఇక ఆపితే ప్రమాదం ఎందుకంటే, మనకి తెలిసిన మాటలోనే చెప్తాను. తోడని బావి ఊట పూడిపోతుంది కదా. బయటినుంచి రోజూ స్టెరాయిడ్ వస్తుంటే మెదడు "ఇక నీతో పని లేదు" అని గ్రంథికి కబురు మానేస్తుంది. గ్రంథి చిక్కిపోతుంది. మందు ఒక్కసారి ఆపితే బయటిదీ లేదు, లోపలిదీ లేదు. ఆ టైములో జ్వరమో విరేచనాలో వస్తే ప్రాణం మీదకొస్తుంది. మళ్ళీ ఊట పట్టడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి పడుతుంది.

డెక్సా మనకి కొత్తేం కాదు. నెలలు నిండుతున్న చూడి ఆవుకి, గేదెకి ఆ ఇంజెక్షన్ పడితే ఈసుకుపోతుందని పశువుల డాక్టర్లు జాగ్రత్త చెప్తారు. గొడ్డు విషయంలో అంత భయపడే మనం, మన ఒంటికి మాత్రం అడగకుండా వేసుకుంటున్నాం.

అలాగని స్టెరాయిడ్ విషం కాదు. 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లండ్ డాక్టరు ఈ గ్రంథులు పాడైతే మనిషి ఎలా నీరసించి, నల్లబడి, చనిపోతాడో రాశారు. అప్పట్లో మందు లేదు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతం రోగికి కార్టిసోన్ ఇస్తే, కదల్లేని మనిషి కొద్ది రోజుల్లోనే నడిచింది. 1950లో కెండాల్, రైఖ్‌స్టైన్, హెంచ్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఎక్కువ కాలం వాడితే వచ్చే చేటు కూడా ఆ తొలి రోజుల్లోనే బయటపడింది.

మన విశాఖలో కోవిడ్ రోజులు గుర్తు తెచ్చుకోండి. 2021 ఏప్రిల్ 22న దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నిండు ట్యాంకర్లతో మహారాష్ట్రకి బయలుదేరింది మన స్టీల్ ప్లాంటు నుంచే. ఆక్సిజన్ అవసరమైన రోగులకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సా, పది రోజుల వరకు ఇస్తే చావులు తగ్గుతాయని 2020లోనే బ్రిటన్ పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళకి లాభం లేదని కూడా అందులోనే తేలింది. అయినా ఇళ్ళల్లో కూర్చుని చాలామంది మింగేశారు. సుగరు ఉండి స్టెరాయిడ్ ఎక్కువైన వాళ్ళని బ్లాక్ ఫంగస్ ఎక్కువగా పట్టుకుంది. మందు అదే, చేతులు మారితే ఫలితం మారింది.

ఇప్పుడు ఫోన్లలో ఇంకో అమ్మకం మొదలైంది. "టెన్షన్ వల్ల మీ అడ్రినల్ అలిసిపోయింది, ఈ క్యాప్సూల్స్ వాడండి" అని. దిగులుతో అడ్రినల్ అలిసిపోయే జబ్బు ఉందని రుజువు లేదని హార్మోన్ల డాక్టర్ల సంఘాలే చెప్పాయి. నీరసం నిజం, దాని పేరు అబద్ధం. రక్తం తక్కువా, థైరాయిడా, సుగరా, టీబీయా, నిద్ర లేకపోవడమా, అప్పుల దిగులా, ఇవి చూపించుకోవాలి.

తిప్పతీగ, అశ్వగంధ కూడా అంతే. కషాయం అని నెలల తరబడి తాగేస్తే కాలేయం దెబ్బతిన్న వాళ్ళున్నారని డాక్టర్లు రాశారు. తిప్పతీగ విషయంలో ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండి. కామెర్లు కనబడితే మాత్రం వెంటనే ఆపి చూపించుకోండి.

మరి సహజంగా చెయ్యగలిగేది ఏం లేదా అంటే, ఉంది. డబ్బు ఖర్చు లేనివే:

1. నిద్ర. రాత్రి మోటారుకి లేచినా, సి షిఫ్టు చేసొచ్చినా, పగలు చీకటి గదిలో ఆ బాకీ తీర్చుకోండి.
2. తిండి. చోడి అంబలి, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప. పస్తులతో పొలానికి పోవద్దు.
3. సారా, బీడీ తగ్గించడం. దిగులుకి అవి మందు కాదు.
4. అప్పు గురించి ఇంట్లో చెప్పుకోవడం. ఒక్కడే మొయ్యకండి. మనసు బాగా కుంగిపోతే 14416 టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి, డబ్బులు తీసుకోరు.
5. టీకాలు, సుగరు అదుపు. ఇమ్యూనిటీ అంటే అసలు ఇవే.

ఇక పొడి వాడుతున్న వాళ్ళకి. పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరకి వెళ్ళండి, దాచకండి. పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో తీసే కార్టిసాల్ రక్తపరీక్షతో గ్రంథి సంగతి తెలుస్తుంది. మందు మెల్లగా తగ్గించుకుంటూ ఆపిస్తారు. కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఈ గ్రంథుల డాక్టర్లు వాళ్ళే. ఈలోగా వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళి "స్టెరాయిడ్ వాడాం" అని మొదటి మాటగా చెప్పండి. లేబుల్, లైసెన్స్ నంబరు లేని పొడి ఏదీ కొత్తగా కొనకండి.

బావ ఇప్పటికీ రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటున్నారు, డోసు తగ్గిస్తున్నారు. జేబులో ఒక చీటీ పెట్టుకు తిరుగుతారు, స్పృహ తప్పితే చూసేవాళ్ళకి తెలియడానికి.

ఫోను లేని పెద్దవాళ్ళకి ఇది చదివి వినిపించండి. ముందు వాళ్ళ తలగడ కింద ఏ పొట్లం ఉందో అడగండి.