పెన్ను కోసం రెండు నెలలు

పాల ప్యాకెట్ పది నిమిషాల్లో గుమ్మం ముందుంటున్న రోజుల్లో, నేను ఒక్క పెన్ను కోసం రెండు నెలలుగా ఎదురుచూస్తున్నా. ‘పిచ్చా నీకు?’ అంటున్నారు ఫ్రెండ్స్.

ఆర్డర్ ఇచ్చింది రాజమండ్రిలోని ఓ చిన్న వర్క్‌షాప్‌కి. చేత్తో చేసే పెన్నులకి పేరున్న ఊరది. 1932లో అక్కడ రత్నం గారు మొదలుపెట్టిన స్వదేశీ పెన్నుని మెచ్చుకుంటూ 1935లో గాంధీజీ ఉత్తరం రాశారు.

నా పెన్ను మా నాన్న కోసం. కీళ్లనొప్పులతో సన్నటి పెన్ను వేళ్లలో నిలవక, ఆయన డైరీ రాయడం మానేశారు. ఫోన్‌లో ఈ మాట చెప్పగానే, పెన్నులు చేసే పెద్దాయన ముందు ధర చెప్పలేదు. ‘నాన్నగారు పెన్ను ఎలా పట్టుకుంటారో ఫొటో పంపమ్మా’ అన్నారు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరే ఎబొనైట్. ఆ కడ్డీని లేత్ మీద తిప్పుతూ నాన్న వేళ్లకి సరిపడే లావులో చెక్కాలి. మూతకి మరలు తీయాలి, పాళీ బిగించాలి, రాసి చూడాలి. పనిచేసేది ఇద్దరే. నాకంటే ముందు చాలామంది ఉన్నారు.

అందుకే ‘ఎప్పుడొస్తుంది?’ అని మెసేజ్ పెట్టట్లేదు. తొందరపెడితే తేడా వచ్చేది నాన్న పట్టులోనే కదా!

నిన్న నాన్న కొత్త డైరీ కొనుక్కొచ్చారు. సగం ఏడాది అయిపోయిందని షాపువాడు సగం ధరకే ఇచ్చాడట.