చింతచెట్టు కింద నలుగురం

సర్పంచ్ కాకముందు తొమ్మిదేళ్లు మా ఊరి మహిళా సంఘంలో పద్దులు రాశాను. 2019 జనవరి ఎన్నికల్లో మా ఊరు మహిళలకు రిజర్వ్ అయితే, ఆ సంఘం ఆడవాళ్లే ఇల్లిల్లూ తిరిగి నన్ను గెలిపించారు.

గెలిచాక మొదటి సంఘం మీటింగుకు పోతే నాకు కుర్చీ వేశారు. చాప మీద కూర్చుంటానన్నా వినలేదు. నేను కూర్చోగానే మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత నేను కనబడితే చాలు, చేతుల్లో కాగితాలు: పింఛను, ఇంటి జాగా, బోరు. అడగడం వాళ్ల హక్కు. కానీ ఏ పనీ లేకుండా నాతో కాసేపు మాట్లాడే మనిషి ఊళ్లో లేకుండా పోయింది.

పంచాయతీ ఆఫీసులో ఇంకో తీరు. పనుల మాట రాగానే వార్డు సభ్యులు గుమ్మం దగ్గర నిలబడ్డ నా భర్త వైపు తిరిగేవాళ్లు. 'సర్పంచ్ సాబ్' అని ఆయన్నే పిలిచేవాళ్లు. ఒకనాడు ఆయన్ను ఇంటి దగ్గరే ఉండమన్నాను. నొచ్చుకున్నాడు, కానీ ఉన్నాడు. ఆ మేలు మరచిపోను. అయితే ఆ రోజు నుంచి ఆ గదిలో ఒంటరిగానే కూర్చున్నాను.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. మా ఉపసర్పంచ్ సంతకం ఆపేశాడు. పారిశుధ్య కార్మికులకు రెండు నెలల జీతం నిలిచిపోయింది. మనిషికి నెలకు వచ్చేదే 8,500. వాళ్లలో ఒకామె పొద్దున్నే వచ్చి మా వాకిట్లో కూర్చునేది. ఒక్క మాట అనేది కాదు. కార్యదర్శి ఉద్యోగానికి కొత్త. మండలాఫీసులో అడిగితే 'సర్పంచ్‌కు ఇదీ తెలియదు' అన్న మాట నాకంటే ముందే ఊరు చేరుతుందని భయం.

మండల సమావేశం అయ్యాక ఆఫీసు ముందున్న చింతచెట్టు కింద ఆటో కోసం చూస్తున్నాను. పక్కన తండా సర్పంచ్. అదే చట్టం కింద వాళ్ల తండా కొత్తగా పంచాయతీ అయింది. ఆమె చదివింది అయిదో తరగతి.

"ఏందక్కా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పేశాను, అంతా.

"బతిమిలాడకు. మీటింగుల పెట్టు. ఎవరు వద్దన్నరో, ఎందుకు వద్దన్నరో తీర్మానం బుక్కుల రాపియ్యి."

అలాగే చేశాను. "కారణం చెప్పండి, రాయిస్తాను" అన్నాను. గదిలో ఎవరూ కదల్లేదు. ఉపసర్పంచ్ హాజరు రిజిస్టర్ అడిగాడు. ముందు పెట్టాను. నాలుగు రోజులకు సంతకం అయింది. అన్నీ అలా తెగలేదు. సీసీ రోడ్డు బిల్లు నేను దిగిపోయేదాకా రానేలేదు.

ఆ నెల నుంచి మండల సమావేశానికి గంట ముందే నలుగురు ఆడ సర్పంచులం ఆ చెట్టు కిందికి చేరేవాళ్లం. వెంట వచ్చిన మగవాళ్లు దూరంగా కూర్చోవాలని తండా చెల్లె పెట్టిన కట్టుబాటు. ఎం.బి. అంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాం: అసిస్టెంట్ ఇంజనీరు పని కొలిచి రాసే పుస్తకం, బిల్లుకు అదే ఆధారం. దాన్ని తెరిచి చూడకుండానే మాలో ఇద్దరం అప్పటికి సంతకాలు చేసి ఉన్నాం. అది పైకి చెప్పుకోగలిగిన చోటు అదొక్కటే. ఒకామె అక్కడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సంగతి ఆమె ఊరికి చేరలేదు.

పదవీకాలం ముగిశాక 2024 ఫిబ్రవరిలో స్పెషల్ ఆఫీసర్‌కు రికార్డులు అప్పగించాను. ఆ నెల సంఘం మీటింగులో మళ్లీ కుర్చీ తెచ్చారు. నేను పోయి చాప మీద, మా పెద్దమ్మ పక్కన కూర్చున్నాను.

"రెండు నెలల పొదుపు బాకీ ఉన్నవ్. తెచ్చినవా, లేదా?" అని అందరి ముందూ గద్దించింది.

అయిదేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. కొంగుముడి విప్పి డబ్బులు ఆమె చేతిలో పెట్టాను.